ఒంటారియోలో మొదటి చలికాలం: కారుని అక్టోబరులోనే సిద్ధం చేసుకోండి

కొత్తగా వచ్చిన మనవాళ్లు కారు కొన్న రోజే గుడికి తీసుకెళ్లి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అది ఎవరూ మర్చిపోరు. ఆ టైర్లు ఏ రకానివో వంగి చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఒంటారియోలో చలికాలానికి బండిని సిద్ధం చేయడమంటే సగానికి పైగా టైర్ల పనే కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

మీరు కొన్న కారుకి బహుశా ఆల్ సీజన్ టైర్లు ఉంటాయి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే తగ్గేసరికి వాటి రబ్బరు గట్టిపడి, రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ఇందుకు మంచు కూడా పడక్కర్లేదు, పొడి రోడ్డు మీదా అంతే. వింటర్ టైర్ల రబ్బరు చలిలోనూ మెత్తగానే ఉంటుంది. వాటి పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు వేస్తారు. కొనేటప్పుడు ఆ బొమ్మ కోసం వెతకండి. ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) అనే అక్షరాలు మాత్రమే ఉంటే సరిపోదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ రెండో సెట్టు దాచే చోటు లేనివాళ్లకు ఆ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు ఒక మధ్యే మార్గం. ఏడాదంతా అవే ఉంచుకోవచ్చు. అసలు వింటర్ టైర్లంత పట్టు వాటికి ఉండదు గానీ, ఆల్ సీజన్ కంటే చాలా నయం.

క్యూబెక్‌లో నమోదైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో అలాంటి చట్టం లేదు. అయితే వింటర్ టైర్లు వేయించినవాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం తగ్గించాలన్న నిబంధన 2016 నుంచి ఉంది. టైర్లు మార్పించిన రోజే ఫోన్ చేసి చెప్పండి, బిల్లు దాచుకోండి.

'మాది ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీ, మాకెందుకు?' అనేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఏడబ్ల్యూడీ అంటే ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ వెళ్తుందని. మంచులోంచి బండి కదలడానికి అది బాగా పనికొస్తుంది. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా, కాబట్టి ఆగడంలో దాని గొప్పేమీ లేదు. ఆపేది టైర్లే. అప్పు చేసి పెద్ద ఎస్‌యూవీ కొనడం కంటే పాత కరోలాకో సివిక్‌కో నాలుగు మంచి వింటర్ టైర్లు వేయించడం తెలివైన ఖర్చని నా అభిప్రాయం. నాలుగూ అన్నానని గమనించండి. డబ్బు మిగులుతుందని ముందు రెండే మారిస్తే మలుపులో కారు వెనక భాగం జారి బండి గిరగిరా తిరుగుతుంది.

రిమ్ములతో సహా ఇంకో సెట్టు కొనుక్కుంటే మొదట్లో ఖర్చెక్కువే గానీ, ఏడాదికి రెండుసార్లు మార్పించే కూలీ తగ్గుతుంది. షాపులో అపాయింట్‌మెంట్ అక్టోబరులో థాంక్స్‌గివింగ్ నాటికే తీసుకోండి. మొదటి మంచు పడిందంటే ఊరంతా అక్కడే ఉంటుంది. వాడిన టైర్లు కొంటుంటే గాడి లోతు కొలవమనండి. 4 మిల్లీమీటర్ల దగ్గరికి అరిగినవి మంచు రోడ్డుకి పనికిరావు. పక్క గోడ మీది నాలుగంకెల తేదీ కూడా చూడండి. 3521 అని ఉంటే అది 2021లో 35వ వారంలో తయారైనట్టు. చక్రాలు మార్చాక వంద కిలోమీటర్లు తిరిగి వచ్చి నట్లు మళ్లీ బిగింపించుకోండి.

చలి పెరిగితే టైర్లలో గాలి ఒత్తిడి పడిపోతుంది, 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ చొప్పున. డాష్‌బోర్డు మీద టైరు లైటు వెలిగితే పంక్చరనే టెన్షన్ పడే ముందు గాలి కొలవండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన ఉన్న స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

బ్యాటరీ సంగతి ముందే తేల్చుకోండి. మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది, అదే సమయానికి చిక్కబడిన ఆయిల్‌ని తిప్పడానికి ఇంజనుకి ఇంకా ఎక్కువ శక్తి కావాలి. నాలుగైదేళ్ల బ్యాటరీ అయితే ఇప్పుడే పరీక్ష చేయించండి. విన్నిపెగ్, ఎడ్మంటన్ వైపు ఉద్యోగం వచ్చి వెళ్తుంటే అక్కడ కార్ల ముందు ప్లగ్గు వేలాడుతూ కనిపిస్తుంది. అవి ఎలక్ట్రిక్ కార్లు కావు. ఇంజనుని వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ వైరు అది. గట్టి చలి ఉన్న రోజుల్లో బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమరు పెట్టుకుంటారు. టొరంటో చుట్టుపక్కల దాని అవసరం తక్కువ.

అద్దం కడిగే వాషర్ ఫ్లూయిడ్‌ని ఎవరూ లెక్కచేయరు గానీ, నాలుగు వందల ఒకటో హైవే మీద ముందు వెళ్లే ట్రక్కు ఉప్పు బురద చిమ్మిందంటే రెండు క్షణాల్లో అద్దం తెల్లబడిపోయి ఏమీ కనపడదు. వేసవి ఫ్లూయిడ్, మామూలు నీళ్లు గడ్డకట్టి పైపులు మూసుకుపోతాయి. మైనస్ 40 అని రాసి ఉన్న డబ్బా పోసి, ఇంకోటి డిక్కీలో ఉంచుకోండి. అందులో మిథనాల్ ఉంటుంది, విషం. పిల్లలకు అందనివ్వకండి.

పొద్దున్న బయల్దేరే ముందు అద్దంలో చిన్న కిటికీలా గీకి వెళ్లిపోకూడదు. అన్ని అద్దాలూ, లైట్లూ, పైకప్పూ దులపాలి. పైకప్పు మీది మంచు బ్రేకు వేయగానే ముందుకు జారి అద్దాన్ని కప్పేస్తుంది, లేదా ఎగిరి వెనక బండి మీద పడుతుంది. గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే పగులుతుంది. మూసిన గరాజులో ఇంజను ఆన్ చేసి వెచ్చబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

పిల్లలున్న ఇళ్లలో ఇంకో మాట. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలూ నానమ్మలూ చంటివాడికి చలేస్తుందని లావుపాటి జాకెట్ తొడిగి కార్ సీట్లో కూర్చోబెట్టమంటారు. ప్రమాదంలో ఆ జాకెట్ నలిగి, బిగించిన పట్టీ వదులైపోతుంది. పలుచని బట్టలతో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, ఆ పైన దుప్పటి కప్పండి. ఆవిడకు సర్దిచెప్పడం మీ పని!

ఇక నడపడం. మొదటి మంచు పడ్డాక ఖాళీ పార్కింగ్ లాట్‌లో నెమ్మదిగా వెళ్తూ గట్టిగా బ్రేకు వేసి చూడండి. పెడల్ కాలి కింద గడగడలాడుతుంది. అది ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పనిచేయడం. భయపడి కాలు తీయకండి. జారితే యాక్సిలరేటర్ వదిలేసి, ఎటు వెళ్లాలో అటు చూస్తూ స్టీరింగ్ తిప్పండి. వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ వద్దు. వంతెనలకు కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. నీలం లైట్లు వెలిగిస్తూ వెళ్లే మంచు తీసే బండ్లను దాటే ప్రయత్నం చేయకండి. పాత కార్లలో పగటి లైట్లు ముందువే వెలుగుతాయి, వెనకవి వెలగవు. మంచు పడుతుంటే స్విచ్ మీరే తిప్పాలి.

డిక్కీలో పార, ఇసుక, జంపర్ కేబుళ్లు, దుప్పటి, టార్చి, గ్లవ్స్, బూట్లు ఉంచండి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. దారిలో చిక్కుకుంటే కారు వదిలి నడవొద్దు. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేసి, కిటికీ కాస్త దించి, గంటకి ఓ పది నిమిషాలు ఇంజను నడపండి.

రోడ్ల మీది ఉప్పుకి కారు అడుగు తుప్పు పడుతుంది, చలికాలంలోనూ అప్పుడప్పుడు కింది భాగం కడిగించండి. మార్చిలో నాలుగు రోజులు ఎండ కాసిందని వింటర్ టైర్లు తీయించేయకండి. ఇక్కడ ఏప్రిల్‌లోనూ మంచు పడుతుంది. పొద్దుటి పూట ఉష్ణోగ్రత 7 దాటి నిలబడ్డాక తీయించొచ్చు.