డెంగ్యూ రిపోర్టు చేతికొచ్చాక ఎలా చదవాలి

రిపోర్టు తెరిచే ముందు ఒక లెక్క తేల్చుకోండి: జ్వరం మొదలై ఇవాళ్టికి ఎన్నో రోజు? అది తెలియకుండా పాజిటివ్ అన్నా నెగెటివ్ అన్నా పెద్దగా అర్థం లేదు, ఎందుకంటే వైరస్‌తో ఒళ్లు చేసే పోరాటం రోజుకో రకంగా మారుతుంటుంది, టెస్టు మాత్రం రక్తం తీసిన రోజు సంగతే చెబుతుంది.

దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. వైరస్ ముందు దూరేది చర్మంలో కాపలా ఉండే డెండ్రైటిక్ కణాల్లోకే. దాని ఆర్‌ఎన్‌ఏ (జన్యు పదార్థం) మన ఆర్‌ఎన్‌ఏలా ఉండదు, కణం లోపల ఉండే రిగ్-ఐ లాంటి ప్రొటీన్లు ఆ తేడా పసిగట్టి ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్‌ను విడుదల చేయిస్తాయి. శాస్త్రవేత్తలు ఐజాక్స్, లిండెన్‌మన్ 1957లో కనిపెట్టింది దీన్నే. ఇది అందగానే చుట్టుపక్కల కణాలు తమలో వైరస్ పెరగకుండా జాగ్రత్తపడతాయి. 103 జ్వరం, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు చాలావరకు ఈ హడావిడి వల్లే. తెల్లకణాలు తగ్గడం కూడా ఈ దశలో మామూలే.

మొదటి ఐదు రోజుల్లో చేయించాల్సింది ఎన్‌ఎస్ 1. వైరస్ సోకిన కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్ అది. రెండో రోజే ఐజీఎం (వైరస్‌ను పట్టుకోవడానికి ఒళ్లు మొదట తయారుచేసే యాంటీబాడీ) టెస్టు చేయించి నెగెటివ్ అని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు. ఈ వైరస్‌కు సరిపోయే బి కణాలు (ఒక రకం తెల్లకణాలు) దొరికి, అవి పెరిగి, యాంటీబాడీలు తయారుచేయడానికి టైం పడుతుంది, అందుకే ఐజీఎం దాదాపు ఐదో రోజు నుంచి కనిపిస్తుంది. ఈలోగా మరో రకం తెల్లకణాలైన టి కణాలు వైరస్ ముక్కలు పైకి కనిపిస్తున్న కణాలను వెతికి చంపుతుంటాయి. ఆరో రోజు ఎన్‌ఎస్ 1 నెగెటివ్ వస్తే డెంగ్యూ కాదని కాదు, ఐజీఎం చూడాలి. నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు టెస్టు మీద అనుమానం ఉంటే ల్యాబ్‌లో చేసే ఎలైజా టెస్టు చేయించండి.

జ్వరం వచ్చిన తొలి రోజుల్లోనే ఐజీజీ (ఐజీఎం తర్వాత వచ్చి చాలాకాలం ఉండిపోయే యాంటీబాడీ) బాగా ఎక్కువగా ఉంటే ఇది రెండోసారి కావచ్చు. డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే ఆ రకం మళ్లీ రాదు గానీ, వేరే రకం వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి తప్ప అణచలేకపోవచ్చు. పైగా వాటిని పట్టుకునే వైరస్ కొన్ని తెల్లకణాల్లోకి ఇంకా తేలిగ్గా దూరుతుంది. మన రక్షణే మనకు ఎదురు తిరగడమంటే ఇదే, కాబట్టి రెండోసారి ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇక ప్లేట్‌లెట్లు. ఇంట్లో అందరూ ఆ అంకె చుట్టూనే తిరుగుతారు, నిజానికి దాని పక్కనుండే పీసీవీని (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా అంతే శ్రద్ధగా చూడాలి. మూడు నుంచి ఏడో రోజు మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళకి, రక్తనాళాల గోడల్లోంచి ద్రవం బయటికి కారే ప్రమాదం ఉంది. అలా కారితే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. మొదట 40 ఉన్నది 48 అయిందంటే 20 శాతం పెరిగినట్టే, అది సీరియస్. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం బాగా తగ్గిపోవడం, మనిషి మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జ్వరం తగ్గింది కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. నొప్పులని బ్రూఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం ఉన్నవాళ్లతో నాకు గొడవ లేదు, కానీ అది తాగించాం కదా అని పీసీవీ టెస్టు మానేయకండి. ఓఆర్‌ఎస్, మజ్జిగ, కొబ్బరి నీళ్లు కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి.

గండం గడిచాక, బయటికి కారిన ద్రవం తనంతట తానే మళ్లీ రక్తంలోకి చేరుతుంది. అప్పుడు ఎక్కువ సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. నీరసంగా ఉన్నాడు, ఇంకో బాటిల్ పెట్టండి అని డాక్టర్‌ను ఒత్తిడి చేయకండి.