ఇంట్లోనే ప్యాంటు కుడదాం – నాలుగో పాఠం: సీటు కుట్టు

పోయిన పాఠంలో రాసుకున్న కొలతల కాగితం, సుద్ద, స్కేలు, ఒక పాత దుప్పటి దగ్గర పెట్టుకోండి. ఈసారి ప్యాంటులో అన్నిటికంటే చిక్కైన చోటికి వచ్చాం: రెండు కాళ్లు కలిసే చోటు. టైలర్లు ఫోర్కు అనేది దీన్నే. నడుము పట్టీ కొంచెం వంకరపోతే బెల్టు దాచేస్తుంది. బాటమ్ వెడల్పయితే ఫ్యాషన్ అని సర్దిచెప్పుకోవచ్చు. ఫోర్కు చెడితే దాచే దారి లేదు.

దీన్ని పరీక్షించడానికి తిరుపతి వాళ్లకు వేరే చోటు అక్కర్లేదు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. అద్దం ముందు బ్రహ్మాండంగా కనిపించిన ప్యాంటు గాలి గోపురం చేరేలోపే సీటు దగ్గర పట్టేయడం మొదలుపెడుతుంది. మోకాళ్ల మెట్టు దగ్గర, కాలు ఎత్తెత్తి వేయాల్సిన చోట, ఇక చిరగడమే తరువాయి.

ఇంట్లో సీటు చిరిగిన ప్యాంటు ఒకటి ఉండే ఉంటుంది. తిరగేసి వెలుతురులో చూడండి. బట్ట బాగానే ఉండి దారం మాత్రమే తెగిందా, కుట్టు నిలబడి దాని పక్కనే బట్ట పీలికలైందా? రెండూ ఒకటి కావు. దారం తెగితే కుట్టులో లోపం. బట్ట చిరిగితే కత్తిరింపులో లోపం, లేదా ఆ బట్ట ఆయుష్షు తీరిపోయింది. చిరిగిన ప్రతిసారీ అదే చోట ఇంకో కుట్టు వేసి ఇచ్చేవాళ్లు ఈ తేడా చూడరు.

ముందు కత్తిరింపు సంగతి. సీటు పట్టేస్తోందంటే చాలామంది చెప్పే మందు ఒకటే: "ఇంకో అంగుళం కిందికి దించెయ్యబ్బా, లూజవుతుంది." కాదు. మీరు వేసుకున్న ప్యాంటునే మూడంగుళాలు కిందికి జార్చి ఒక మెట్టు ఎక్కి చూడండి. రెండు తొడలనూ తాడేసి కట్టినట్టు ఉంటుంది. ఫోర్కు కిందికి దిగేకొద్దీ లోపలి కాలి పొడవు తగ్గుతుంది. కాలు ఎత్తితే ఆ తగ్గిన పొడవు కోసం ప్యాంటు మొత్తాన్నీ లాగుతుంది. ఆ లాగుడంతా సీటు కుట్టు మీదే పడుతుంది. కాబట్టి ఫోర్కు ఒంటికి దగ్గరగా, పైనే ఉండాలి. వదులు కావాలంటే వెనక ముక్కలో బట్ట ఇవ్వాలి.

ఎంత పైన? గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని, పక్కవైపు నడుము నుంచి కుర్చీ చెక్క దాకా టేపు పెట్టండి. మెత్తటి సోఫా పనికిరాదు, ఒళ్లు దిగబడి కొలత తప్పుతుంది. వచ్చిన దానికి అర అంగుళం కలపండి. ఫోర్కు లోతు అదే. ప్యాంటు నడుము మీద ఎక్కడ కడతారో అక్కడి నుంచే కొలవాలి, బొడ్డు కింద కట్టేవాళ్లు అక్కడి నుంచే.

ఇప్పుడు గీద్దాం, ముందు పాత దుప్పటి మీదే. లెక్క తేలికగా ఉండాలని సీటు, అంటే పిరుదుల చుట్టుకొలత, 40 అంగుళాలు అనుకుందాం. ముందు ముక్క సీటు దగ్గర 10, వెనక ముక్క 11. రెండేసి ముక్కలు కలిస్తే 42, అంటే రెండంగుళాల వదులు. ముందు ఫోర్కుకి సీటులో పదహారో వంతు, రెండున్నర అంగుళాలు బయటికి తీయండి. వెనక దానికి ఎనిమిదో వంతు, ఐదు. వెనకది రెట్టింపు ఎందుకంటే పిరుదుల లావు అంతా దాటి రావాల్సింది అదే కదా.

వెనక ముక్కలో ఇంకో రెండు పనులున్నాయి. నడుము దగ్గర మధ్య గీతను పక్కవైపుకి ఒకటిన్నర అంగుళం జరిపి, అక్కడి నుంచి పైకి ఇంకో ఒకటిన్నర లేపండి. వంగినప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు నడుము కిందికి జారకుండా కాపాడేది ఈ ఎత్తే. కింద ఫోర్కు కొసను మాత్రం పావు అంగుళం దించండి. ఆ పావు తేడా తర్వాత ఇస్త్రీతో సరిపోతుంది. ఇక వంపు. ముందుది చిన్న వంపు, వెనకది కొడవలి వంపు. మూల తేలకూడదు. స్కేలు పక్కనపెట్టి చేత్తోనే గీయండి, రెండు మూడుసార్లు చెరిపితే కుదురుతుంది.

కుట్టుకి వదిలే బట్ట విషయంలో పిసినారితనం వద్దు. అన్ని చోట్లా అర అంగుళం చాలు. వెనక మధ్యలో నడుము దగ్గర మాత్రం ఒకటింబావు వదిలి, కిందికి వచ్చేకొద్దీ అర అంగుళానికి తగ్గించండి. పొట్ట పెరిగినప్పుడు ప్యాంటు పనివాడికి ఇవ్వకుండా కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి ఉన్న ఆధారం ఇదొక్కటే. రెడీమేడ్లలో చాలావాటికి ఇది ఉండదు.

కుట్టేటప్పుడు రెండు కాళ్లనూ విడివిడిగా పూర్తిచేయండి. లోపలి కుట్టు కలిపేముందు వెనక ముక్కను పై నుంచి ఓ జానెడు మేర ఆవిరి ఇస్త్రీతో మెల్లగా సాగదీస్తే ముందు ముక్క పొడవుకి వచ్చేస్తుంది. తర్వాత ఒక కాలిని మంచి వైపుకి తిప్పి, తిప్పని కాలిలోకి దూర్చండి. రెండు మంచి వైపులూ ఎదురెదురుగా వస్తాయి. లోపలి కుట్లు రెండూ కలిసే చోట మొదట గుండుసూది గుచ్చాలి. జిప్పు వచ్చే చోటు కింద మొదలుపెట్టి, వెనక నడుము దాకా ఆపకుండా ఒకే కుట్టు.

ఇక్కడే దారం తెగే కారణం ఉంది. ఆ వంపులో బట్ట ఏటవాలుగా ఉంటుంది, ఏటవాలు బట్ట సాగుతుంది. నిలువు కుట్టు సాగదు. సాగేదాన్నీ సాగనిదాన్నీ కట్టేస్తే తెగేది దారమే. అందుకే వంపు దగ్గర బట్టను రెండు చేతులతో కొంచెం బిగించి పట్టి, అంగుళానికి పన్నెండు కుట్లు వచ్చేలా చిన్నగా వేయాలి. పాలియెస్టర్ దారం, డ్రిల్లు లాంటి మందపాటి బట్టకి 16 నంబరు సూది. మొదటి కుట్టు మీదే ఇంకోసారి వేయండి. వంపు అడుగున కుట్టు బట్టను విడదీసి ఇస్త్రీ చేయొద్దు, పైకి నిలబడనివ్వండి.

దుప్పటి ప్యాంటు వేసుకుని బాసింపట్లు వేసుకుని కూర్చోండి, మెట్లు ఎక్కండి. ముందు ఫోర్కు నుంచి తొడల మీదికి గీతలు లాగుతుంటే ముందు కొస పావు అంగుళం పెంచాలి. వెనక కుట్టు లోపలికి దూరుతుంటే వెనక కొస అర అంగుళం. కూర్చోగానే వెనక నడుము దిగిపోతుంటే అక్కడి ఎత్తు చాలలేదు. నిలబడినప్పుడు సీటు కింద కనిపించే సన్నటి మడతను మాత్రం వదిలేయండి. దాన్ని పూర్తిగా తీసేయాలని పట్టుపట్టేవాళ్లున్నారు. వంగినప్పుడు ఒళ్లు వాడుకునే బట్ట అదే.

సవరణలన్నీ దుప్పటి మీదే గీసి, విప్పి, అట్ట మీదికి ఎక్కించుకోండి. అసలు బట్టను కత్తెర తాకకముందే నానబెట్టి ఆరేయాలి, కాటన్ అయితే తప్పనిసరి. వచ్చే పాఠం జిప్పు. గాంధీ రోడ్డు వైపు వెళ్తే ఏడంగుళాల లోహపు జిప్పు ఒకటి, నడుము పట్టీ లోపల పెట్టే గట్టి బట్ట, బక్రం, ఒక మీటరు తెచ్చిపెట్టుకోండి.