ఫైబర్ వైరు పీకేసినా నడిచే జిగ్బీ ఇల్లు

జిగ్బీ అంటే ఇంట్లోని లైట్లు, స్విచ్‌లు, సెన్సర్లు తమలో తాము మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి. హాల్లో లైటు వెలగడానికి కమాండ్ ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి రావాల్సిన పని లేదు. ఆ సర్వర్ ఎల్లకాలం ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2016 మేలో రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్ సర్వర్లు ఆపేస్తే, జనం డబ్బు పోసి కొన్న హబ్‌లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. అందుకే జిగ్బీ నెట్‌వర్క్‌ను, దాని తాళం చెవితో సహా, మన ఇంట్లోనే పెట్టుకోవాలి.

కావాల్సినవి: 2 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (కింద 'పై' అన్నది దీన్నే) లేదా పాత మినీ పీసీ, చిన్న ఎస్‌ఎస్‌డీ, సోనాఫ్ జెడ్‌బీడాంగిల్-పి లాంటి జిగ్బీ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే జిగ్బీ రేడియో), మీటరుకు తగ్గని యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్. ఎస్‌డీ కార్డుతో సరిపెట్టుకోవద్దు, కరెంటు పోయి వచ్చే ఇళ్లలో అది త్వరగా పాడవుతుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్ మాత్రం తప్పనిసరి. యూఎస్‌బీ 3 పోర్టు పని చేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తుంది, జిగ్బీ మాట్లాడేది కూడా అక్కడే. డాంగిల్‌ను నేరుగా గుచ్చితే పక్క గదిలో సెన్సర్ కూడా నాలుగైదు సార్లు ప్రయత్నిస్తేగానీ జత కాదు. చాలామంది సెన్సర్ పాడైందనుకుని తిరిగి పంపేస్తారు.

పై మీద మూడు సాఫ్ట్‌వేర్లు పెట్టండి: ఇంటిని నడిపే హోమ్ అసిస్టెంట్, మెసేజ్‌లు అటూ ఇటూ అందించే మస్కీటో బ్రోకర్, డాంగిల్‌ను దానికి కలిపే జిగ్బీ టు ఎంక్యూటీటీ. మొదటి పరికరాన్ని జత చేయకముందే నెట్‌వర్క్ కీ (పైన చెప్పిన తాళం చెవి), పాన్ ఐడీ (మీ నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) కొత్తగా జనరేట్ చేయించండి. పాత కాన్ఫిగరేషన్లలో ఉండే డిఫాల్ట్ కీ అందరికీ తెలిసినదే. తర్వాత కీ మారిస్తే ఇంట్లో ఉన్నవన్నీ మళ్లీ మొదటి నుంచి జత చేసుకోవాలి. కొత్త పరికరాలను లోపలికి రానిచ్చే పర్మిట్ జాయిన్ సెట్టింగ్‌ను జత చేసేటప్పుడే తెరిచి, పని కాగానే మూసేయండి.

ఛానెల్ కూడా అప్పుడే తేల్చుకోండి. వైఫై ఛానెల్ 1, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, సుమారు 2402 నుంచి 2422 మెగాహెర్ట్జ్ దాకా ఆక్రమిస్తుంది. జిగ్బీ 20వ ఛానెల్ 2450 దగ్గర, 25వది 2475 దగ్గర ఉంటాయి. కాబట్టి వైఫైని 1లో, జిగ్బీని 20 లేదా 25లో పెడితే గొడవ ఉండదు. 26 జోలికి పోవద్దు, కొన్ని పరికరాలు ఆ ఛానెల్‌లో సరిగా పని చేయవు. అసలు తంటా వైఫై రౌటర్‌లోని 'ఆటో'తో వస్తుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రౌటర్ కొత్త ఛానెల్ వెతుక్కుని, ఒకరోజు సరిగ్గా మీ జిగ్బీ మీదే కూర్చుంటుంది. ఆటో తీసేసి 1లో స్థిరంగా పెట్టండి.

ఇక మెష్, అంటే పరికరాలు ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకునే వల. కరెంటుకు కలిపి ఉంచే స్విచ్ మాడ్యూళ్లు (స్విచ్ బోర్డు వెనక బిగించేవి), ప్లగ్గులే సిగ్నల్‌ను ముందుకు అందిస్తాయి. బ్యాటరీ సెన్సర్లు అందించవు. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మే మాడ్యూళ్లు కూడా సాధారణంగా అందించవు. మన బోర్డుల్లో సాకెట్ ఉన్న చోట న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ రకమే కొనండి. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకున్నాకే బోర్డు విప్పండి. గోడలో ఉన్నది జీఐ బాక్స్ (రేకు పెట్టె) అయితే మాడ్యూల్‌ను అడుగున కుక్కకుండా, దాని యాంటెన్నా వైరును ప్లాస్టిక్ ప్లేటు వైపు ఉంచండి. రేకు పెట్టెలోంచి సిగ్నల్ బయటికి వచ్చే దారి అదొక్కటే. ముందు డాంగిల్‌కు దగ్గరి బోర్డు, తర్వాత దాని పక్క గది, ఆ వరసలో బిగించుకుంటూ వెళ్లండి. మేడ మీదికైతే మెట్ల దగ్గర ఒక ప్లగ్గు పెడితే స్లాబును చీల్చుకుని వెళ్లే బాధ తప్పుతుంది. బ్యాటరీ సెన్సర్లను చివర్లో, అవి ఉండబోయే చోటే జత చేయండి.

స్మార్ట్ బల్బులను మాత్రం మెష్‌కు ఆధారం చేసుకోకండి. అలవాటుగా అమ్మ గోడ స్విచ్ ఆపుతుంది, బల్బుతో పాటు దాని మీదుగా వచ్చే తలుపు సెన్సర్ కూడా మాయమవుతుంది. పైగా కొన్ని బల్బులు వరసగా ఐదారు సార్లు ఆరి వెలిగితే రీసెట్ అయ్యేలా చేసి ఉంటాయి. కరెంటు అలా ఆడినా అవి నెట్‌వర్క్ లోంచి బయటికి పోవచ్చు. మామూలు బల్బు, గోడలో మాడ్యూల్, పాత స్విచ్ తీగలు మాడ్యూల్ ఎస్1, ఎస్2 టెర్మినళ్లకు: ఇదే నిలబడే పద్ధతి. పై ఆగిపోయినా ఆ స్విచ్ పని చేస్తుంది.

గీజర్‌కు 10 ఆంప్స్ మాడ్యూల్ వద్దు. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంప్స్, 3000 వాట్లదైతే 13 లాగుతుంది. కాంటాక్టర్ (పెద్ద లోడును మోసే, కరెంటుతో నడిచే స్విచ్) పెట్టి, మాడ్యూల్‌తో దాన్ని కదిలించే కాయిల్‌ను మాత్రమే నడపండి.

మన ఊళ్లలో ఇంటర్నెట్ కంటే కరెంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పై, వైఫై రౌటర్, రెండు మూడు జిగ్బీ ప్లగ్గులు ఇన్వర్టర్ లైనులో ఉండాలి. ప్రతి మాడ్యూల్‌లో పవర్-ఆన్ బిహేవియర్ (కరెంటు తిరిగి వచ్చాక ఏ స్థితిలో ఉండాలన్న సెట్టింగ్) చూడండి. కొన్ని కరెంటు రాగానే ఆన్ అవుతాయి, రాత్రి రెండింటికి ఇల్లంతా వెలిగిపోతుంది. లైట్లకు 'ప్రీవియస్', గీజర్‌కు 'ఆఫ్' పెట్టండి. ఇంకో చిక్కు: పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక నెట్టు లేకుండా లేస్తే టైము తప్పుగా చూపి, టైము ప్రకారం నడిచే మోటారు వేళకాని వేళ తిరుగుతుంది. ఇన్వర్టర్ మీద పెట్టడానికి ఇది ఇంకో కారణం. పై 5 అయితే గడియారం బ్యాటరీకి కనెక్టర్ ఉంటుంది, బ్యాటరీ కొని తగిలించండి.

బిగించడం అయ్యాక రౌటర్‌కు వచ్చే ఫైబర్ కనెక్షన్ తీసేసి ఒక పూట గడపండి. ఏది ఆగితే అది ఇంకా క్లౌడ్ మీదే ఉన్నట్టు. తర్వాత పై కూడా ఆపి గోడ స్విచ్‌లన్నీ నొక్కి చూడండి. జిగ్బీ రిమోట్‌ను లైటు మాడ్యూల్‌కు బైండ్ చేసి ఉంటే అదీ పని చేయాలి, ఎందుకంటే బైండింగ్‌లో రిమోట్ నేరుగా మాడ్యూల్‌తోనే మాట్లాడుతుంది.

బయటి నుంచి ఇంటిని చూడాలంటే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడండి. మస్కీటో బ్రోకర్ వాడే 1883 పోర్టును రౌటర్‌లో ఎప్పుడూ బయటికి తెరవకండి.

చివరగా, జిగ్బీ టు ఎంక్యూటీటీ డేటా ఫోల్డర్‌ను నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కాన్ఫిగరేషన్, డేటాబేస్, కోఆర్డినేటర్ (అంటే డాంగిల్) బ్యాకప్ ఫైళ్లు మూడూ అందులో ఉండాలి. డాంగిల్ కాలిపోతే అదే రకంది తెచ్చి, ఈ ఫోల్డర్ పెట్టి లేపితే, స్టూలెక్కి ఒక్కో బోర్డు విప్పే అవసరం రాదు. నెట్‌వర్క్ కీ కూడా ఆ ఫైళ్లలోనే ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టండి.