వానలకు ముందు బండి మీరే విప్పుతున్నారా? బోల్టుల దగ్గర జాగ్రత్త

మా వీధి కుర్రాడొకడు ఇంట్లోనే బండికి ఇంజన్ ఆయిల్ మార్చుకుని, మర్నాడు బైపాస్ మీద పడ్డాడు. ఇంజన్ అడుగున పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు ఊడి ఆయిలంతా వెనక టైరు మీదికి వచ్చింది. మణికట్టు విరిగి బయటపడ్డాడు. లూజుగా వదిలేసి ఉంటాడని అందరూ అన్నారు. కాదు. రోడ్డు మీద దొరికిన బోల్టుకు ఇంజన్ లోపలి మరలు, అంటే బోల్టు పట్టే గాళ్లు, తెగి తీగల్లా చుట్టుకుని ఉన్నాయి. అతిగా బిగించాడు.

తొలకరికి ముందు ఆయిలు, చైను, బ్రేకులు సొంతంగా చూసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. మంచిదే. సరైన సైజు పానా వాడాలి, మట్టి తుడవాలి అని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: బోల్టు బిగిసింది అనిపించాక, అనుమానం కొద్దీ పట్టే ఆ “ఇంకొంచెం” పట్టకండి.

ఎందుకంటే బోల్టు ఉక్కు, ఇంజన్ కేసు అల్యూమినియం. పోరాటం వస్తే పోయేది ఇంజనే. బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది, ఆ సాగుడే రెండు భాగాల్నీ పట్టి ఉంచుతుంది. హద్దు దాటితే మర తెగుతుంది. తెగాక కూడా బోల్టు బిగిసినట్టే కనబడుతుంది, అదీ ప్రమాదం.

చేతికి ఒక లెక్క ఉండాలి. 10 నంబరు పానా పట్టే 6 మి.మీ. బోల్టుకు మామూలుగా 10 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత) చాలు. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర 5 కేజీల బలం. మణికట్టుతో తిప్పితే సరిపోతుంది, భుజం అక్కర్లేదు. డ్రెయిన్ బోల్టుకు 25 అని ఉంటే అదే పానా చివర 13 కేజీలు. మీ బండి అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది కాదు.

టార్క్ రెంచ్ (పెట్టిన అంకెకు బిగుతు చేరగానే క్లిక్‌మనే పానా) కొంటే చిన్న బోల్టులకు చిన్నదే కొనండి. కార్ల చక్రాలకు వాడే పెద్దదాన్ని 10 దగ్గర నమ్మలేం. అది క్లిక్‌మనదు, మీరు లాగుతూనే ఉంటారు. మొదటి క్లిక్‌కే ఆపాలి. “ఇంకో క్లిక్” అన్నా “ఇంకొంచెం” అన్నా ఒకటే.

అలాగని భయపడి లూజుగా వదలమని కాదు. చైను సరిచేశాక వెనక చక్రం యాక్సిల్ నట్టు పూర్తి అంకెకు బిగించాల్సిందే. బిగించాక చైను వదులు మళ్లీ చూడండి, ఒక్కోసారి మారుతుంది.

మిగతావి గబగబా:

బోల్టును మొదట వేళ్లతోనే ఎక్కించండి. తొలుత విప్పే వైపు తిప్పి, మర కుదిరాక బిగించే వైపు తిప్పండి.

పానాకు పైపు తొడగొద్దు. బిగించడానికి అసలే వద్దు.

డ్రెయిన్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది. కారుతోందా? వాషరు మార్చండి, ఇంకొంచెం బిగించకండి.

మాన్యువల్ చెప్పనిదే మరలకు గ్రీజు రాయొద్దు. రాపిడి తగ్గి, అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది.

క్లచ్ కవరు బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో.

స్పార్క్ ప్లగ్ ఇంజన్ చల్లారాకే.

టార్క్ రెంచ్‌తో బోల్టులు విప్పొద్దు.

నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వేయొద్దు.

బ్రేక్ క్యాలిపర్ (డిస్కును నొక్కి ఆపే భాగం) బోల్టు అంకె తెలియకపోతే ముట్టుకోవద్దు.

బిగుతు పెరుగుతూ పెరుగుతూ ఒక్కసారిగా మెత్తబడిందా? మర పోయింది. ఆపండి. సీలెంట్ పూసి నడపొద్దు. హెలికాయిల్ (పోయిన మర బదులు పెట్టే తీగచుట్ట మర) వేసే లేత్ షాపుకు బండిని ఆటో ట్రాలీలో పంపండి.

ఫోన్ మోగితే సగం బిగించిన బోల్టు వదిలి లేవొద్దు.

బిగించిన బోల్టు మీంచి పక్క భాగం మీదికి పెయింట్ మార్కర్‌తో ఒకే గీత గీయండి. 50 కిలోమీటర్లు తిరిగాక గీత చూడండి. జరిగితేనే పానా తీయండి. జరగనిదాని జోలికి పోకండి.