సిగార్‌ను వెలిగించే ముందు పదునుకు తేవడం

సిగార్ల నిల్వ గురించి దొరికే సూచనల్లో ఎక్కువ భాగం చలి, పొడిగాలి ఉన్న దేశాలవారు రాసుకున్నవి కావడంతో, పెట్టెలోకి తేమ ఎలా ఎక్కించాలన్నదే వాటి బెంగ. పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే మనకు వానాకాలమంతా బెంగ తలకిందులుగా ఉంటుంది. అప్పడాలు మెత్తబడి, తలుపులు ఉబ్బి బిగుసుకునే ఆ రోజుల్లో సిగార్ కూడా గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. కనుక ఇక్కడ ముందుగా నేర్చుకోవలసింది తేమను దించడం.

నిల్వకు 65 నుంచి 70 శాతం సాపేక్ష తేమ సరిపోతుంది గాని, నిల్వకు మంచిదైనది కాల్చడానికీ మంచిదే అనుకోవడం పొరపాటు. ఒక శ్రావణంలో 72 చూపుతున్న డబ్బాలోంచి తీసి నేరుగా వెలిగించిన సిగార్, అంగుళమైనా కాలకముందే, లోపలి ఆకు వేడికి ఉబ్బడం వల్ల పై ఆకు నిలువునా చీలి నా చేతిలోనే విచ్చుకుపోయింది. చీలకపోయినా, తేమ ఎక్కువైతే దమ్ము అందదు, మాటిమాటికీ ఆరిపోతుంది, పొగ చేదెక్కుతుంది. అలాగని మరీ ఆరబెడితే పై ఆకు పెళుసెక్కి, సిగార్ వేడిగా, గబగబా కాలిపోతుంది. వెలిగించేనాటికి 62, 65 మధ్య ఉండడం మేలని నా అభిప్రాయం.

ఈ అంకెలన్నీ తేమను కొలిచే హైగ్రోమీటర్ నిజం చెబితేనే పనికొస్తాయి. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, అది కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేటంత నీరు చిలకరించి, ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ ఒకే జిప్ కవర్లో పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలి. అప్పుడు 75 చూపాలి. 71 చూపితే ఆ పరికరం నాలుగు తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోవాలి. గంజాం జిల్లా హుమ్మా ఉప్పుమడుల గల్లుప్పు ఇందుకు పనికిరాదు. అందులోని మెగ్నీషియం లవణాలు లెక్కను తప్పిస్తాయి కనుక శుద్ధిచేసిన పొడి ఉప్పే వాడాలి.

కాల్చదలచిన సిగార్‌ను రెండు మూడు రోజుల ముందే నిల్వ పెట్టెలోంచి తీసి, గాలి చొరని చిన్న డబ్బాలో తేమను 62 శాతం దగ్గర నిలిపే పొట్లంతో కలిపి ఉంచాలి. ఇలాంటి పొట్లం అవసరాన్ని బట్టి తేమను పీల్చుకోనూగలదు, వదలనూగలదు. సన్నని సిగార్‌కు ఒక రోజు చాలు, లావుపాటి వాటికి మూడు రోజులు పట్టవచ్చు. పొడిదేశాల వారిలా బల్లమీద వదిలేస్తే మన వానల్లో అది ఇంకా తడిసిపోతుంది. ఫ్రిజ్ సంగతి చెప్పనే అక్కరలేదు: ఆకును అతిగా ఆరబెట్టడమే కాక, పక్కనున్న ఎండు నెత్తళ్ల వాసనంతా అంటిస్తుంది.

ఎండాకాలపు ఇబ్బంది పురుగు. వేడి 24 డిగ్రీలు దాటితే ఆకులోని పొగాకు పురుగు గుడ్లు పొదగబడే ప్రమాదం పెరుగుతుంది కనుక, ఏసీ లేని ఇంట్లో కొత్త సిగార్లను గట్టిగా మూసిన కవర్లో మూడు రోజులు ఫ్రీజర్‌లోనూ, ఆకు పగలకుండా మరొక రోజు, కవర్ విప్పకుండానే, ఫ్రిజ్‌లోనూ ఉంచి, ఆపైన బయటికి తేవాలి. ఎండిపోయిన సిగార్‌కైతే తేమను వారాల తరబడి మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే అదీ చీలుతుంది.

చివరి పరీక్ష వేళ్లతోనే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కితే కొద్దిగా లొంగి, వదలగానే మళ్లీ పొంగాలి. చిటచిటమంటే ఎండిపోయినట్టు, గుంట అలాగే నిలిచిపోతే తడి ఎక్కువైనట్టు. మా తాత తన చుట్టను చెవి దగ్గర పెట్టుకుని నలిపి, "ఇంకా పదునుకు రాలేదురా" అంటూ పొయ్యి వైపు చూరులో దోపి, మర్నాడు మళ్లీ తీసి చూసేవారు.