డిఫెన్స్ లాయర్ సీన్ రాయాలంటే: చార్జిషీటు నుంచి క్రాస్ దాకా

కోర్టు సినిమా రాసేవాళ్లు చాలామంది క్లైమాక్స్ డైలాగుతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది చార్జిషీటుతో. డిఫెన్స్ లాయర్ చేతికొచ్చేవి పోలీసులు రాసిన కాగితాలే. వాటిలో ఏ తారీఖు పొసగలేదో, ఏ సాక్షి లేనిచోట ఉన్నట్టు రాశారో పట్టుకోవడమే అతని పని. ముద్దాయి నిజంగా తప్పు చేశాడా లేదా అన్నది అతను తేల్చాల్సిన విషయం కాదు. నేరం చేశాడో లేదో అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా ముద్దాయి తరఫున వాదించాలనే బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. మీ లాయరు క్లయింటును అమాయకుడని నమ్మకపోయినా కథ నిలబడుతుంది. నిజానికి అప్పుడే బాగా నిలబడుతుంది.

ఉదాహరణకు ఒక గొలుసు దొంగతనం కేసు తీసుకుందాం. హత్య కేసు కన్నా ఇది రాయడం తేలిక, చట్టమూ స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు నేరం జరిగిన తారీఖు ఖాయం చేసుకోండి. 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ, ఆ రోజు నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత). గొలుసు లాక్కోవడానికి బీఎన్‌ఎస్‌లో 304 అని విడిగా సెక్షన్ వచ్చింది, శిక్ష మూడేళ్ల వరకు. ఈ కేసు మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది. అంటే అవతల నిలబడేది సెషన్స్ కోర్టు పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) కాదు, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్). ఈ ఒక్క ముక్క తప్పినా లాయర్లకు మొదటి పది నిమిషాల్లోనే సినిమా మీద నమ్మకం పోతుంది.

తర్వాత కాగితాలు నిజంగానే రాయండి, ఒక్కొక్కటి రెండు పేజీలు: ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, రికవరీ పంచనామా (దొరికిన వస్తువును మధ్యవర్తులనే సాక్షుల ఎదుట స్వాధీనం చేసుకున్నట్టు రాసే కాగితం), గుర్తింపు పరేడ్ (వరుసలో నిలబెట్టిన వాళ్లలో ముద్దాయిని సాక్షి గుర్తుపట్టడం) నివేదిక. స్క్రిప్టులో కనిపించకపోయినా సరే. లొసుగు వీటిలోనే పుట్టాలి. మా సూచన ఒకటి కాదు, రెండు మూడు చిన్న లొసుగులు పెట్టమని. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకు ఆలస్యంగా చేరిందన్న ఒక్క కారణానికి కేసు కొట్టేయరు. ఆ ఆలస్యానికి మరో రెండు తోడైతేనే అనుమానం బలపడుతుంది.

మన కేసులో అవి ఇలా ఉంటాయి. ఫిర్యాదులో గొలుసు రెండున్నర కాసులు, అంటే 20 గ్రాములు. పంచనామాలో స్వాధీనం చేసుకున్నది 16 గ్రాములు. గొలుసు చూసి గుర్తుపట్టమని బాధితురాలిని స్టేషన్‌కు పిలిచిన రోజే ముద్దాయి అరెస్టయ్యాడు. జైల్లో మేజిస్ట్రేట్ గుర్తింపు పరేడ్ పెట్టింది పన్నెండు రోజుల తర్వాత. పరేడ్‌కు ముందే ఆమె అతన్ని చూసి ఉంటే ఆ పరేడ్‌కు విలువ పోతుంది. ఇవి ప్రేక్షకుడికి ఒక్కసారిగా చెప్పకండి. గొలుసు బరువు మొదటి అరగంటలో ఇంట్లో మాటల మధ్య దొర్లనివ్వండి.

సినిమాల్లో తరచూ కనిపించే పెద్ద తప్పు నేర ఒప్పుకోలు. పోలీసుల ముందు ముద్దాయి చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు, వీడియో తీసినా అంతే. కొత్త సాక్ష్య చట్టంలో ఇది 23వ సెక్షన్. మినహాయింపు ఒక్కటే: ఆ మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దాన్ని దొరికించిన ముక్క వరకు మాత్రం చెల్లుతుంది. ‘గొలుసు నేనే లాగాను, మా పెరట్లో కుండీ కింద పెట్టాను, చూపిస్తాను’ అన్నాడనుకోండి. ‘నేనే లాగాను’ పోతుంది, కుండీ మాట నిలుస్తుంది. అందుకే డిఫెన్స్ దృష్టంతా పంచనామా సంతకాల మీద, మధ్యవర్తుల మీద ఉంటుంది. మధ్యవర్తి నిజంగా ఆ పెరట్లోకి వెళ్లాడా, స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టాడా? మంచి సీన్ అక్కడ ఉంది.

ఇక క్రాస్, అంటే అవతలి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నించడం. పోలీసులు రాసుకునే సాక్షి వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, పెట్టించకూడదని చట్టమే చెబుతోంది. కాబట్టి ‘ఈ సంతకం నీదేనా?’ అని ఆ కాగితం ఊపే సీన్ తప్పు. సంతకం ఉండేది ఫిర్యాదు మీద. వాంగ్మూలానికీ కోర్టులో చెప్పిన మాటకూ తేడా ఉంటే దాన్ని రికార్డులోకి ఎక్కించే క్రమం ఇదీ:

‘అమ్మా, అదే రోజు సాయంత్రం పోలీసులు మిమ్మల్ని విచారించారు?’
‘అవునండి.’
‘జరిగింది జరిగినట్టే వాళ్లకు చెప్పారు?’
‘చెప్పాను.’
‘గొలుసు లాగినవాడు హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడని చెప్పారు.’
‘లేదండి, అలా చెప్పలేదు.’

ఇక్కడ లాయరు వాంగ్మూలంలోని ఆ వాక్యం వరకే చదివి వినిపిస్తాడు. ఆమె మళ్లీ కాదంటుంది. మేజిస్ట్రేట్ దాన్ని నమోదు చేయిస్తారు. గొంతు పెంచాల్సిన పనే లేదు. కొన్ని వాయిదాల తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కుతాడు. ‘పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే బాధితురాలు) నీ ముందు ఇలా చెప్పిందా?’ అంటే ‘చెప్పింది’ అంటాడు. అప్పుడే ఆ ముక్క ఎగ్జిబిట్ డి-1, అంటే డిఫెన్స్ తరఫు మొదటి సాక్ష్య పత్రం అవుతుంది. అధికారిని అడగడం మరిచిపోతే మొదటి సీన్ కష్టమంతా వృథా. రెండు సీన్ల మధ్య గ్యాప్ ఉండటం కథకు మేలు, ఎందుకంటే ఆ గెలుపు విలువ అప్పటికి లాయరు ఒక్కడికే తెలుసు.

మరో హెచ్చరిక: ‘మరి మొహం ఎలా చూశావమ్మా?’ అని మీ లాయరు చేత అడిగించకండి. ‘లాగేటప్పుడు అద్దం పైకెత్తాడండి’ అంటుంది, లొసుగు అక్కడితో పూడిపోతుంది. అనుభవమున్న లాయరు తేడా రికార్డుకెక్కగానే ఆపేసి తన వాదన సాక్షి ముందు పెడతాడు: ‘ముద్దాయిని పోలీసులు స్టేషన్‌లోనే మీకు చూపించారు.’ ఆమె కాదంటుంది. రికార్డులో ‘ముద్దాయిని పోలీసులు స్టేషన్‌లో నాకు చూపించారంటే నిజం కాదు’ అని పడుతుంది. కాదన్నా సరే, సాక్షిని అడిగి ఉండటం ముఖ్యం. అడగని విషయం ఆఖర్న వాదిస్తే బలం ఉండదు.

సీసీటీవీ ఫుటేజీ కాపీ వాడితే సాక్ష్య చట్టం 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) ఉండాలి. అది లేదని లాయరు అభ్యంతరం చెప్పగానే కేసు కూలిపోయినట్టు రాయకండి. విచారణ ముగిసేలోపు దాఖలు చేయడానికి కోర్టు అనుమతి ఇవ్వొచ్చు.

తలుపు తోసుకుని వచ్చే ఆఖరి నిమిషం సాక్షిని మానేయండి. కొత్త సాక్షి కావాలన్నా, పాత సాక్షిని మళ్లీ పిలవాలన్నా పిటిషన్ వేయాలి, అవతలి పక్షం కౌంటరు వేస్తుంది. ఆ పిటిషన్ మీద వాదననే సీన్‌గా రాయండి. సాక్ష్యం చెప్పబోయే మనిషి అంతకుముందు హాల్లో కూర్చుని మిగతావాళ్ల సాక్ష్యం వినకూడదు, బయటే ఉండాలి. మన జడ్జీల బల్ల మీద సుత్తి ఉండదు, జ్యూరీ లేదు. ప్రమాణానికి గీత మీద చెయ్యి వేయించరు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం మాటతోనే చేయిస్తారు.

దాదాపు ఎవరూ రాయని సీన్ ఒకటుంది. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయిపోయాక మేజిస్ట్రేట్ నేరుగా ముద్దాయితో మాట్లాడతారు. తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి సాక్ష్యం చెప్పి ‘దీనికి నువ్వేమంటావు?’ అని అడుగుతారు. ప్రమాణం లేదు, క్రాస్ లేదు, చెప్పకుండా ఉండే హక్కూ ఉంది. కొత్త క్రిమినల్ విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇది 351, పాత సీఆర్‌పీసీ లెక్కలో 313. సినిమా అంతా లాయర్ల వెనక నిలబడ్డ మనిషికి సొంత గొంతుతో మాట్లాడేందుకు దొరికే అరుదైన అవకాశం ఇది. ఇక్కడ ఏదైనా సాక్ష్యం అడగకుండా వదిలేస్తే దాన్ని అతనికి వ్యతిరేకంగా వాడటం కష్టమవుతుంది. ప్రశ్నలు అర్థమయ్యే భాషలో వేస్తున్నారా, ముద్దాయి ‘అబద్ధం’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాడా, లాయరు ముందే ఏం చెప్పి పంపాడు? కనీసం రెండు పేజీలు దీనికి కేటాయించండి.

రాయడం పూర్తయ్యాక దగ్గర్లోని మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లండి. విచారణ బహిరంగమే, ఎవరైనా కూర్చోవచ్చు. ఉదయం కాల్ వర్క్ (ఆ రోజు కేసులన్నీ వరుసగా పిలవడం) అయ్యేదాకా ఓపిక పడితే సాక్షుల విచారణ మొదలవుతుంది. ఫోన్ ఆఫ్ చేయండి, రికార్డింగ్ కుదరదు, నోట్‌బుక్ చాలు. సాక్షి చెప్పిన మాటకూ మేజిస్ట్రేట్ టైపిస్టుకు చెప్పి రాయించిన వాక్యానికీ తేడా గమనించండి. ఆ వాక్యంలో ఒక పదం మార్చమని లాయరు లేచి అడిగినప్పుడు హాల్లో ఏం జరుగుతుందో రాసుకుని, మీ క్రాస్ సీన్‌ను మరోసారి దిద్దండి.