అనంతపురం నుంచి నైనితాల్‌కు కాపురం మారే ముందు జాగ్రత్తలు

ఉద్యోగానికని బయలుదేరే మన పిల్లలకు ముందు ఒక్క మాట. అక్కడ చలికన్నా ప్రమాదం, చలికని గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటి. తలుపులు మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు, వాసన ఉండవు; నిద్రలోనే ప్రాణం పోతుంది. పడుకునే ముందు కుంపటి బయట పెట్టేయాలి. ఆరిపోయినట్టు కనిపించినా సరే. అమ్మానాన్నలూ, ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఇదే అడగండి.

నిటారు కొండవాలు కింద, వాననీటి కాలువ పక్కన ఇల్లు అద్దెకు తీసుకోవద్దు. 1880 సెప్టెంబరులో అక్కడ కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయారు. జూలై, ఆగస్టుల్లో పెద్ద వాన పడుతుంటే ప్రయాణం మానుకోండి. మన ఊరి వానలా అనుకోవద్దు.

కుక్కర్ తప్పనిసరి. దాదాపు 2,000 మీటర్ల ఎత్తు కాబట్టి నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కందిపప్పు గిన్నెలో ఒక పట్టాన ఉడకదు. రాగిపిండి మాత్రం మోయక్కర్లేదు. నైనితాల్ ఉన్న కుమావూ ప్రాంతంలో మడువా అనేది మన రాగులే, సంగటి హాయిగా చేసుకోవచ్చు.

రైలు కాఠ్‌గోదాం వరకే. తర్వాత సుమారు 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. వాంతుల మాత్ర జేబులో ఉండాలి.

సరస్సులో ఈతకు దిగొద్దు.